హార్డుడిస్కునకు మారుప్రతి: ఏ పద్ధతి నవలంబింపవలెను?

(మహాసభ రెండవనాటి యుదయమున గావించిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు, చేనేత సహకార సంఘముల స్థితిని గూర్చియు నిన్నటినుండి పెద్దలు గంభీరముగ నుపన్యసించుచుండగా, నాకు నియమింపబడిన విషయము మిక్కిలి యల్పమైనదిగ దోచవచ్చును. కంప్యూటరునందలి హార్డుడిస్కునకు మారుప్రతి నేవిధముగ నుంచుకొనవలెను అనునది నా విషయము. దీనినే బ్యాకప్పు అని వ్యవహరించుచున్నారు. అయినను నే నొక ప్రశ్న నడిగెదను. పెద్దలు నిన్న ప్రస్తావించిన యా విద్యానిధి లెక్కలు, దాతల పట్టిక, వసతిగృహమున నుండి చదువుకొనిపోయిన బాలబాలికల పేళ్ళు, ఇవి యన్నియు నేడెక్కడ నున్నవి? బీరువాలో లేవు. కార్యాలయమునందలి యొక కంప్యూటరులో, అరచేతిలో నిముడునంతటి యొక డిస్కులో నున్నవి. పాత దస్త్రములలో గొన్ని చెదలపాలైన పిమ్మట, మిగిలినవానిని పుటపుటకును స్కాను చేయించి యందే చేర్చితిమి. షోలాపురము, భీవండీ, సూరతు, ముంబయి మొదలైన చోట్లకు తరముల క్రిందట నేతపని కొఱకు వలసపోయిన మన కుటుంబములవారు పంపిన వంశవృక్షములును అందే కలవు. వానిని నోట జెప్పి వ్రాయించిన వృద్ధులలో బలువురు నేడు లేరు. చందా లెక్క పోయినచో రసీదుపుస్తకములు చూచి మరల వ్రాసికొనవచ్చును. ముత్తాత పేరు పోయినచో నెవ్వరి నడుగుదుము?

పద్మశాలీయులకు మారుప్రతి యావశ్యకతను బోధింపబూనుట యొకవిధముగ హాస్యాస్పదము. జాకార్డు మగ్గముపై నేయువాని కీ సంగతి పుట్టుకతో దెలిసినదే. చిల్లున్నచోట నూలు లేచును, చిల్లులేనిచోట లేవదు. చీర యంచునందలి హంసయు, మామిడిపిందెయు ఆ యట్టల వరుసలోనే యున్నవి. ఫ్రాన్సు దేశమున లియాను పట్టణమునకు జెందిన జోసెఫ్ మరీ జాకార్డు 1804వ సంవత్సర ప్రాంతమున నీ సాధనమును నెలకొల్పెను. 1839లో ఆతని చిత్తరువునే పట్టుబట్టపై నేసిరి. దానికి సుమారు 24,000 అట్టలు పట్టినవి. ఇంగ్లండున ఛార్లెస్ బాబేజి యను గణితశాస్త్రవేత్త యా పట్టుచిత్రమును సంపాదించి వచ్చినవారికి జూపి మురియుచుండెడివాడు. తాను తలపెట్టిన గణనయంత్రమునకు నా చిల్లుల యట్టలనే వాడదలచెను. కావున కంప్యూటరునకును మగ్గమునకును బంధుత్వము కలదు. అట్టలు పాతబడి చినిగినచో మగ్గ మాగును. కనుకనే మంచి పనితనముగల నమూనాకు రెండవ జత యట్టలు సిద్ధముగ నుంచుకొను యజమానులు మనలో నుండిరి. ఇప్పుడు నమూనాలు కంప్యూటరుపై గీయబడుచున్నవి. గళ్ళకాగితము లేదు, అటకపై గట్ట లేదు. ఒక చిత్రకారుని పదియేండ్ల శ్రమ యొక డిస్కులో నుండగా, రెండవ జత మాట యెవ్వరికిని దోచకుండుట వింతయే.

ఈ డిస్కు నెంతవఱకు నమ్మవచ్చును? 1956లో ఐ.బి.యం. వారు తొలిసారిగ నమ్మకమునకు దెచ్చిన డిస్కు యంత్రమునం దేబది పళ్ళెము లుండెను. అది సుమారు ఒక టన్ను బరువు తూగెను. అంతయు గూడి యేబది లక్షల యక్షరములను మాత్రమే దాచగలిగెను. నేటి చిన్నడిస్కు దానికి లక్షలరెట్లు దాచును. కాని లోపలి యేర్పాటు మాత్ర మించుమించుగ నదియే. పళ్ళెములు నిమిషమునకు 5,400 సారులో, 7,200 సారులో తిరుగుచుండును; వానిపై గ్రామఫోను ముల్లువంటి యొక చిన్న శిరస్సు తాకీతాకకుండ, తలవెండ్రుక మందములో గొన్నివేలవ వంతు యెడమున దేలుచుండును. తిరుగుచున్నప్పుడు బల్ల కదలినను, కరెంటు తటాలున పోయి వచ్చినను హాని కలుగవచ్చును. బ్యాక్‌బ్లేజ్ అను అమెరికా కంపెనీవారు తాము వాడు రెండులక్షలకు బైబడిన డిస్కుల యారోగ్యమును లెక్కగట్టి ప్రకటించుచుందురు. 2023లో సంవత్సరమునకు నూటికి 1.40 వంతున జెడినట్లు వారి లెక్క. ఇది స్వల్పమే యనిపించును. కాని యవి చల్లనిగదులలో, నిపుణుల కాపుదలలో నున్న డిస్కులు. మన కార్యాలయమునందలిది కిటికీప్రక్క దుమ్ములో నున్నది. కదలుభాగములు లేని యస్.యస్.డి. వచ్చినదిగదా యందురేమో. అది వేగవంతము, కుదుపున కోర్చునది; కాని చెడునపుడు చప్పుడైనను జేయక చెడును. మఱియు విద్యుత్తు తగులకుండ సంవత్సరములకొలది పెట్టెలో నుంచినచో నందలి విషయము క్రమముగ మాసిపోవచ్చును. దాచుటకు గాదు, వాడుటకు మంచిది.

ఇక పద్ధతుల మాట. అంగడికి బోయి యే డిస్కు కొనవలెనని యడుగుటతో మనవా రారంభింతురు. నా యభిప్రాయమున నది తలక్రిందులు. పోయినది యెట్లు తిరిగివచ్చును, ఎంతసేపటిలో వచ్చును, ఎన్నిదినముల పని పోయినను మన మోర్చుకొనగలము అని ముందు విచారించి, పిమ్మట సాధనము నెన్నుకొనవలెను. నష్టము లొక్కతీరున రావు. డిస్కు తానై చెడుట యొకటి; మన చేయి జారి ఫైలు తుడిచివేయుట యొకటి; దొంగ, నీరు, నిప్పు మఱియొకటి; దుండగు లంతర్జాలముద్వారా చొరబడి ఫైళ్ళకు దాళమువైచి డబ్బడుగుట యింకొకటి. ఒక నష్టమునకు గాచు పద్ధతి మఱియొకదానికి గాయకపోవచ్చును.

ఉదాహరణమునకు రెయిడ్ అను పద్ధతిని జూడుడు. ఒకే యంత్రమున రెండు డిస్కుల నమర్చి, ఒకదానిపై వ్రాసినదెల్ల రెండవదానిపైనను దత్‌క్షణమే వ్రాయబడునట్లు చేయుదురు. అమ్మువాడు దీనిని జూపి “ఇక భయము లేదు” అనును. ఒకడిస్కు చెడినపుడు పని యాగకుండుటకు మేలైనదే. కాని మన గుమాస్తా పొరబాటున 2019 దాతల పట్టికను దుడిచినచో, రెండవ డిస్కుపైనను అదేక్షణమున దుడువబడును. అద్దములోని ముఖమునకు వేఱుగ బొట్టుండదు గదా! ఇది మారుప్రతి కాదు, ప్రతిబింబము.

గూగుల్ డ్రైవు, వన్‌డ్రైవు మొదలగు మేఘసేవలలో ఫోల్డరును గలిపియుంచుటయు నించుమించుగ నట్టిదే. ఇచ్చట మార్చిన దచ్చటను మారును. ఇచ్చట దుడిచిన దచ్చటను దుడువబడును. గూగుల్ డ్రైవు చెత్తబుట్టలో బడినది ముప్పదిదినములు మాత్రమే యుండును. మన ఆడిటరుగారు సంవత్సరమున కొక్కసారి వత్తురు. వారు వచ్చి యడిగినపుడుగాని ఫైలు లేదని మనకు దెలియదు! అటులని మేఘసేవను నిరాకరింపుమని నేను జెప్పను. దానికి దగిన పని దాని కీయవలెను. దానిని వెనుక జెప్పెదను.

పూర్తిడిస్కునకు నకలు దీయుట వేఱు, ఫైళ్ళకు మాత్రమే నకలు దీయుట వేఱు. మొదటిదానిని ఇమేజి యందురు. విండోసు మొదలు ప్రింటరు అమరికవఱకు సమస్తము నొక్క మూటగ గట్టుట. యంత్రము కూలినపుడు క్రొత్తడిస్కు వేసి యా మూట విప్పినచో గొన్నిగంటలలో యథాపూర్వముగ నిలుచును. క్లోన్‌జిల్లా యను ఉచిత సాధనముతో దీనిని జేయవచ్చును, కొంచెము నేర్పు గావలెను. నమూనాలు గీయు చిత్రకారులకును, వెలపెట్టి కొన్న సాఫ్టువేరులు పెక్కు గలవారికిని ఇది యావశ్యకము, ఏలయన వానినన్నిటి మరల నమర్చుకొనుటకు వారము పట్టును. మన సంఘ కార్యాలయమునకో? విండోసును మరల వేసికొనవచ్చును. వంశవృక్షమును మరల వేసికొనలేము. మనకు ఫైళ్ళే ప్రాణము. కావున ఇమేజి ఆరుమాసముల కొకటి చాలును. ఫైళ్ళ నకళ్ళు మాత్రము తఱచుగ గావలెను.

తఱచుగ ననగానే ప్రతిసారియు సర్వమును నకలు దీయవలెనా యని సందేహము పొడమును. లెక్కలు వ్రాయువారికి చిట్టాయు, ఆవర్జాయు దెలియునుగదా. ఆవర్జానంతయు నెలకొక్కసారి యెత్తివ్రాసికొని, నడుమదినములలో నానాటి చిట్టాలను మాత్రము విడివిడిగ దాచుట యొక పద్ధతి. దీని పేరు ఇంక్రిమెంటలు. చోటు మిగులును, త్వరగ ముగియును. కాని చిట్టాలలో నొక్కటి పాడైనచో నటుపిమ్మటివి యతుకవు. పడుగున నొకపోగు తెగినట్లగును. రెండవ పద్ధతి డిఫరెన్షియలు. ఆవర్జా యెత్తినది మొదలు నేటివఱకు మారినదెల్ల ప్రతిసారియు నొక్క కట్టగ దీయుట. చోటు కొంత యెక్కువ పట్టును. కాని తిరిగి తెచ్చునపుడు రెండుకట్టలు చాలును, ఆవర్జా యొకటి, కడపటికట్ట యొకటి. మనవంటి సంఘములలో నీపని నెరవేర్చువాడు జీతగాడు కాడు, సాయంకాలము వచ్చి సేవజేయు యువకుడు. వానికి చిక్కుముడులు తగ్గుటయే మేలు. కావున నెలకొక పూర్తిప్రతియు, వారమున కొక డిఫరెన్షియలును జాలునని నా నిర్ణయము. వానిపై దారీఖు వేసి పాతవానిని వెంటనే తుడువకుండుట ముఖ్యము. ఏడాదివఱకైనను నెలవారీ ప్రతులను నిలుపవలెను. ఆడిటరుగారి మాట మరువరాదు. లెక్కల సాఫ్టువేరు తెఱచియుండగ దీసిన ప్రతి యసంపూర్ణముగ నుండవచ్చును గనుక, దానిని మూసివేసి మఱి తీయవలెను.

ఇట్లు దీసిన ప్రతుల నెచ్చట నుంచవలెను? పెక్కుచోట్ల బయటిడిస్కును కంప్యూటరునకే యెల్లప్పుడు దగిలించియుంచుదురు. 2017 మే మాసమున వానాక్రై యను దుష్టక్రమణిక సుమారు 150 దేశములలో కంప్యూటరులలోని ఫైళ్ళకు దాళమువైచి డబ్బడిగెను. అట్టివి యంత్రమునకు దగిలియున్న బయటిడిస్కునకు గూడ దాళమువేయగలవు. నకలు ముగిసినవెంటనే యా తీగను దీసివేయుట యీ జబ్బునకు మందు. దీనికి ఖర్చు లేదు.

తీగ దీసి యదే గది బీరువాలో బెట్టినచో మఱి నీటిమాట యేమి? 2024 సెప్టెంబరు మొదటివారమున బుడమేరు పొంగి విజయవాడలో సింగునగరాది ప్రాంతములు దినములతరబడి నీట నుండెను. ఆ నీరు కంప్యూటరునకును దాని ప్రక్కబీరువాకును భేదము చూపలేదు. ప్రక్కవీధిలోని మిత్రుని యింట నుంచిన డిస్కునైనను విడువదు. గుంటమగ్గములలో నీరుచేరి పడుగులు కుళ్ళిన బాధ నెఱిగిన మనకు దీనిని విస్తరించి చెప్పనక్కఱలేదు. నిప్పుమాటయు నట్టిదే. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో డేజాను నగరమున ప్రభుత్వ సమాచారకేంద్రమునందు బ్యాటరీలకు నిప్పంటుకొనెను. ప్రభుత్వోద్యోగులు తమ పత్రములను దాచుకొను జి-డ్రైవు అనుదానిలో 858 టెరాబైట్లు దగ్ధమైపోయినవి. మిక్కిలి పెద్దదగుటచే దానికి బయట మారుప్రతి నుంచలేదట! కంప్యూటరులను లోకమున కమ్ము దేశమున నిట్లు జరిగినది.

దీనికి విపర్యయముగ నొక సంతోషకరమైన కథ. 1998లో అమెరికాలో పిక్సార్ కంపెనీవారు టాయ్ స్టోరీ రెండవభాగమును నిర్మించుచుండగ, ఎవరో యిచ్చిన యొక్క యాజ్ఞతో జిత్రములోని పాత్రలును, దృశ్యములును వరుసగ మాయమగుటకు మొదలిడెను. మారుప్రతి యున్నదిగదా యని చూడగ నది కొంతకాలముగ సరిగ బనిచేయుటలేదు. ఆ చిత్రమున సాంకేతిక నిర్వహణము జూచు గాలిన్ సస్మన్ అను స్త్రీ, పసిబిడ్డ గలదగుటచే నింటినుండి పనిచేయుచు, ఇంటి కంప్యూటరులో నొక ప్రతి నుంచుకొనెను. దానితోడనే చిత్రము నిలిచెను. ఆమె యింట నా ప్రతి యుండుట యదృష్టమే గాని యేర్పాటు గాదు. మన మేర్పాటుగ నుంచుకొనవలెను.

ఛాయాచిత్రముల భద్రతను గూర్చి గ్రంథము వ్రాసిన పీటర్ క్రోగ్ అను ఛాయాచిత్రకారుడు దీనికి సులభమైన లెక్క జెప్పెను: ప్రతులు మూడు, వానిలో రెండువిధముల సాధనములు, ఒకటి వేఱుచోట. ఈ మూడు-రెండు-ఒకటి లెక్కయే నేడు లోకమంతట వ్యాప్తి జెందినది. మన సంఘమున కిది యెట్లన్వయించును? ఒక పుట నున్నతమైన నాణ్యముతో వర్ణములతో స్కానుచేసి కుదింపక దాచినచో సుమారు 26 మెగాబైట్లగును. పదివేల పుటలైనచో 260 గిగాబైట్లు. ఇది బయటిడిస్కునకు గంటలోపున నెక్కును. మేఘసేవకు బంపవలెనన్న, సెకండునకు 20 మెగాబిట్ల చొప్పున బోవు లైనుపై నాటంకము లేకున్నను ఇరువదితొమ్మిది గంటలు పట్టును; ఉచితముగ గూగుల్ వారిచ్చు చోటు 15 గిగాబైట్లే. కనుక స్కానుపుటలకు బయటిడిస్కులును, దినదినము మారుచు మిక్కిలి చిన్నవైన లెక్కలకు, సభ్యుల పట్టికకు మేఘసేవయు దగినవి. బయటిడిస్కులు రెండు గావలెను. ఒకటి కార్యాలయపు బీరువాలో. రెండవది వేఱొక నదీతీరమునగల వేఱొక యూరిలో. షోలాపురము శాఖవారు దీనిని స్వీకరింపగలరని వారి ప్రతినిధులతో నిన్నరాత్రి ముచ్చటించితిని, వారు సంతోషముతో నంగీకరించిరి. మూడుమాసముల కొకసారి వచ్చిపోవువారి చేత డిస్కులను మార్చుకొనవచ్చును. మహాసభకు మన మెటులను గలియుదుముగదా, ఆనాటి మార్పు తప్పనే తప్పదు.

ఇందొక చిక్కు గలదు. విద్యార్థుల బ్యాంకుఖాతాలు, సభ్యుల ఫోనుసంఖ్యలు పరహస్తగతము గారాదు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణచట్టమును సైతము జేసినది. కావున డిస్కునకు సంకేతపదముతో దాళము వేయవలెను. ఆ సంకేతపద మొక్కనికే తెలిసియుండుట డిస్కు లేకుండుటకంటె ప్రమాదము. మన సంఘమని కాదు, ఏ సంఘమునందైనను కార్యవర్గ మెన్నికలు ముగిసినపిమ్మట పాతవారికిని క్రొత్తవారికిని నడుమ గొన్నాళ్ళు మాటలుండవు. లెక్కపుస్తకము లప్పగించుటకే తగవులు పడువారు సంకేతపద మప్పగింతురా? దానిని కాగితముపై వ్రాసి, ముద్రవేసిన రెండుకవరులలో నుంచి, ఒకటి అధ్యక్షునియొద్దను, ఒకటి ధర్మకర్తలలో నొకరియొద్దను నుంచవలెను. కార్యదర్శి మారినపుడెల్ల క్రొత్తపదమును పెట్టుటయు, కవరులు మార్చుటయు నప్పగింతపత్రములో నొకపంక్తిగ జేర్చవలెను.

ప్రతి యుండుటయే చాలదు, అది చదువబడవలెను. తాళ్ళపాకవారి సంకీర్తనలను రాగిరేకులపై జెక్కించి తిరుమల యాలయమున భాండారమున నుంచిరి. రాగికంటె గట్టిసాధన మేమి గలదు? రేకులు చెడలేదు. అయినను తరములకొలది వానివంక జూచినవారు లేక, ఇరువదవ శతాబ్దమున మరల వెలుగులోనికి వచ్చువఱకు లోకమున కా పదకవితలలో నధికభాగము లేనట్లే యుండెను. నేటి డిస్కునకు తరములు కూడ నక్కఱలేదు. ఇరువదియేండ్లక్రింద ఫ్లాపీలలో దాచినవానిని జదువు యంత్ర మిప్పు డేయింట నున్నది? సి.డి. దూర్చుటకు నేటి ల్యాప్‌టాపులలో సందు సైతము లేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అను కంపెనీలో నొక యుద్యోగి పొరబాటున ముఖ్యమైన డేటాబేసును దుడువగా, వారేర్పఱచుకొనిన యైదువిధముల రక్షణలలో నేదియు దగినట్లు పనిచేయకుండెను. అంతకు నాఱుగంటలముందు వేఱుపనికై తీసిన యొక ప్రతి దొరకుటచే దేఱుకొనిరి. వారు దానిని దాచక లోకమునకెల్ల దెలియజెప్పిరి, అందుకు వారిని మెచ్చవలెను. కావున మూడుమాసముల కొకసారి, మారుప్రతినుండి నాలుగైదు ఫైళ్ళ నేఱుకొని, మఱియొక కంప్యూటరుపై దెఱచిచూచి, చూచినవారు తారీఖుతో సంతకము చేయవలెను. అయిదేండ్ల కొకసారి డిస్కునే మార్చి క్రొత్తదానిపై కెత్తవలెను, పాతది యింకను బాగుగ దిరుగుచున్నను.

దాతలకొక మనవి. వసతిగృహమున గది గట్టించినచో గోడపై చలువఱాతిపలక యుండును; హార్డుడిస్కుపై బేరు చెక్కింపలేము. కాని రెండు మంచి బయటిడిస్కుల వెల మన నేతగాండ్రు నేయు రెండు పట్టుచీరల వెలకు లోబడియే యుండును. ఆ చలువఱాతిపలకలపైనున్న పేళ్ళును, వాని వెనుకనున్న కథలును ఈ డిస్కులలోనే నిలుచునని గ్రహింప బ్రార్థన.

ఈ సాయంకాలము సర్వసభ్యసమావేశమున నొక తీర్మానము నుపపాదింపబోవుచున్నాను. అందలి విషయములు మూడే: రెండు డిస్కులు గొనుట, షోలాపురము శాఖ నొకదానికి రక్షకులుగ నియమించుట, మూడుమాసముల పరీక్షకు ఇద్దరు యువకుల నేర్పఱచుట. ఇద్దరిలో నొకరు సోదరీమణి యైనచో మేలు. సమావేశమునకు ముందు నాలుగుగంటలకు, ప్రదర్శనశాల ప్రక్కగదిలో కార్యాలయపు కంప్యూటరునుండి నిన్న దీసిన ప్రతిని వేఱొక ల్యాప్‌టాపుపై దెఱచి చూపెదను. షోలాపురము, సూరతుల నుండి వచ్చినవారు తమ తమ వంశవృక్షములు సరిగ నున్నవో లేవో యప్పుడే చూచుకొని, తప్పులున్నచో దిద్దింపవచ్చును.